రెండో రివ్యూయరు ఒప్పుకోని పెళ్ళి

ఈ సంగతి చాలా చోట్ల చెప్పుకోబోయాను, ఎవరూ చెప్పనివ్వలేదు. మా కాలేజీ సావనీరుకి రాసిస్తే స్థలం లేదన్నారు (అదే సంచికలో ప్రిన్సిపాలు గారి ఫోటోలు పేజీకొకటి పడ్డాయి). పాత విద్యార్థుల సమావేశంలో లేచి మొదలుపెట్టగానే మైకు తీసేసుకుని అందరినీ భోజనాలకి పిలిచారు. ఇంట్లో వాళ్ళయితే నేను గొంతు సవరించుకోగానే టీవీ సౌండు పెంచుతారు. అందుకని ఇన్నేళ్ళ తర్వాత మీ దగ్గరకొచ్చాను. మీరైనా చివరిదాకా వినండి.

ఆ రోజుల్లో, అంటే క్యాసెట్లు వెళ్ళిపోతూ సీడీలు వస్తున్న కాలంలో, విదేశీ కాన్ఫరెన్సులో పేపరు పడడం అంటే మా అధ్యాపకులకి ఇల్లు కట్టినంత పని. నేను గన్నవరం వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, పక్కన పీహెచ్‌డీ చేస్తుండేవాణ్ణి. మల్టీమీడియా మీద జరిగే ఏదైనా మంచి కాన్ఫరెన్సులోనో, జర్నల్లోనో ఒక పేపరు వేయించుకుని వస్తే తప్ప థీసిస్ ముట్టుకోనని మా గైడు గారు తేల్చి చెప్పేశారు. నా పని చెప్పుకోవడానికి సులువే. వీడియో అంటే ముక్కలు ముక్కలుగా తీసి అతికించిన దృశ్యాలు కదా, ఎక్కడ ఒక ముక్క అయిపోయి రెండోది మొదలవుతుందో కంప్యూటరే కనిపెట్టాలి. విదేశాల్లో వాళ్ళు టీవీ వార్తల మీదా, ఫుట్‌బాల్ ఆటల మీదా పరీక్షించుకునేవారు. నాకవి ఎవరిస్తారు? విజయవాడలో అడిగినన్ని దొరికేవి పెళ్ళి క్యాసెట్లు. పటమటలో మిక్సింగ్ మాస్టారని మేము పిలుచుకునే ఒకాయన కొట్టు ఉండేది. కంప్యూటరు జోలికి పోకుండా, మిక్సరు మీటలు చేత్తో తిప్పుతూ పెళ్ళి వీడియోకి హంగులద్దడం ఆయన వృత్తి. పామర్రులో మా పిన్ని కూతురి పెళ్ళి వీడియో కూడా ఆయన చేతి మీదుగా వచ్చిందే కాబట్టి, నా పరిశోధనకి అదే ముఖ్యమైన ఆధారమైంది.

మిక్సింగ్ మాస్టారు ఏ దృశ్యాన్నీ తిన్నగా పోనిచ్చే మనిషి కాదు. తామరపువ్వు విచ్చుకుంటే అందులోంచి పెళ్ళికూతురు మొహం వచ్చేది. ఆ మొహం గిరగిరా తిరిగి హృదయాకారమై, అది రెండుగా పగిలితే పెళ్ళికొడుకు విమానం దిగేవాడు (మా బావగారు వచ్చింది ఉయ్యూరు నుంచి, బస్సులో). మాంగల్యధారణ ఒకసారి జరిగితే వీడియోలో నాలుగు మూలల నుంచీ జరిగేది. నా ప్రోగ్రాముకి ఇది మొదటిసారి పెట్టినప్పుడు పెళ్ళి మొత్తం ఒకటే ముక్క అంది. కొంచెం సరిదిద్దితే, తలంబ్రాల దగ్గర గుప్పెడు గుప్పెడుకీ కొత్త దృశ్యం అంది. దాంతో ఏడాది పైగా కుస్తీ పట్టి, చివరికి ఏ పువ్వులోంచి ఎవరొచ్చినా పట్టుకునేలా చేశాను. ప్రపంచంలో ఈ పని ఇంకెవరూ చెయ్యలేదని అప్పుడు నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను.

కాన్ఫరెన్సుకి పంపే పేపర్లో రాసినవాళ్ళెవరో తెలిసే ఆనవాలేదీ ఉండకూడదని నియమం. నా పేరు తీసేశాను. బొమ్మల్లో పెళ్ళివారి పేర్లు కనిపిస్తే మా ఇంటిపేరు బయటపడుతుందని వాటి మీద నల్లరంగు పులిమాను. చీరలు కొనడానికి విజయవాడ వచ్చిన పిన్ని, బల్ల మీదున్న ఆ కాగితాలు చూసింది.

"పెళ్ళికూతురి పేరు మీద మసి పూశావేంట్రా?"

నియమం సంగతి నాకు చేతనైనంత వివరంగా చెప్పాను.

"నీ పేరూ లేదు, దాని పేరూ లేదు. మరి ఎవరి కోసంరా ఈ పేపరు?" అంది.

పేపరు పంపడానికి వాళ్ళ దేశంలో అర్ధరాత్రితో గడువు ముగుస్తుందంటే మనకి ఎండ మండిపోయే వేళ. సరిగ్గా అప్పుడే కరెంటు తీసేవాళ్ళు. జనరేటరు ఉన్న నెట్ సెంటరు వెతుక్కుంటూ స్కూటరు మీద ఊరంతా తిరిగి, ఎలాగో పంపాను. కొన్నాళ్ళకి, పేపరు వేసుకోవాలో వద్దో తేల్చే ముగ్గురు రివ్యూయర్ల అభిప్రాయాలు వచ్చాయి. మొదటాయన బాగుందన్నాడు. మూడో ఆయన నా ఇంగ్లీషు బాగు చేసుకోమన్నాడు (ఆయన సంగతి వేరే ఉంది, మరిచిపోలేదు). రెండో ఆయన రాసిందేమిటంటే, ఇలాంటి వీడియోలు లోకంలో ఎక్కడా ఉండవు, రచయితలు తమ పద్ధతి గొప్పగా కనబడాలని కంప్యూటర్లో వీటిని కల్పించుకున్నారు, కాబట్టి పేపరు తిప్పి పంపండి అని. తిప్పి పంపేశారు.

మనసు పాడై మిక్సింగ్ మాస్టారి దగ్గరికి వెళ్ళి చదివి వినిపించాను. ఆయన ఒకటికి రెండుసార్లు చదివించుకున్నాడు.

"కంప్యూటర్లో చేశారు అన్నాడా సార్, ఫారినాయన?"

"అదేగా నా ఏడుపు."

"నా చేతిపని చూసి కంప్యూటరనుకున్నాడంటే మాటలా అండీ? ఆ కాగితం ఒక కాపీ ఇప్పించండి, ఫ్రేము కట్టించుకుంటాను."

కట్టించుకున్నాడు కూడా. నా పేపరుని కాదన్న కాగితం ఆయన కొట్టులో పూలదండ వేసుకుని వేలాడింది. దాని పుణ్యాన ఆయన బేరాలు పెరిగాయని తెలిసి నాకు ఇంకా మండింది.

పిన్నికి మాత్రం సంగతి వేరేగా అర్థమైంది. తన కూతురి పెళ్ళి ఉత్తదేనని ఎవరో అన్నారని. "అప్పగింతలప్పుడు నేను ఏడ్చింది కూడా కంప్యూటరేనా? కనుక్కో వాణ్ణి," అంది. కాన్ఫరెన్సు పెద్దలకి రాశాను. నిర్ణయం మారదని ఒక వాక్యంలో జవాబిచ్చారు. మళ్ళీ రాస్తే అదీ లేదు. ఇక ఉత్తరాలతో లాభం లేదు, రుజువులే పంపాలని నేనూ పిన్నీ నిశ్చయించుకున్నాం. రుజువంటే మనకి గెజిటెడ్ ఆఫీసరు సంతకం కదా. శుభలేఖ జిరాక్సు తీయించి, పామర్రులో పశువుల డాక్టరు గారి దగ్గరికి పట్టుకెళ్ళాం. ఆయన ఆ పెళ్ళికి వచ్చినవారే. సంగతంతా విని, ఆకుపచ్చ ఇంకుతో సంతకం చేసి, ఇంగ్లీషులో ఇంకో మాట కూడా కలిపారు: ఈ వివాహానికి నేను స్వయంగా హాజరై భోజనం చేసితినని ధ్రువీకరించడమైనది. కింద ముద్ర గట్టిగా గుద్దారు. శుభలేఖా, క్యాసెట్టూ, రెండో రివ్యూయరు గారికి అందజేయవలసిందని ఒక ఉత్తరమూ కలిపి కాన్ఫరెన్సు వాళ్ళ చిరునామాకి రిజిస్టరు పార్సెల్ చేశాను. అందినట్టు సంతకంతో కార్డు తిరిగొచ్చింది. ఆ తర్వాత ఈ రోజు వరకూ ఉలుకూ లేదు, పలుకూ లేదు.

నాకేమీ లోటు జరగలేదు. అదే పెళ్ళిని, మా ప్రాంతంలో వీడియోలు ఇలాగే తీస్తారని ఒక్క ముక్క చేర్చి, ఒక జర్నలుకి పంపితే తీరుబడిగానే అయినా వేసుకున్నారు. పీహెచ్‌డీ వచ్చింది, ఉద్యోగం పెరిగింది, ఇల్లు కట్టాను. మొన్న పుస్తకాలు సర్దుతుంటే ఆ జర్నలు చేతికొచ్చింది. మూడో బొమ్మలో, తామర రేకుల సందున, పెళ్ళికొడుకు భుజం వెనకాల సాంబారు బకెట్టు పట్టుకుని ఒక బక్క కుర్రాడు కెమెరాలోకే చూస్తున్నాడు. నేనే. ఆనవాలు తెలియకూడదని పేర్లన్నీ మసి పూసినవాణ్ణి, నా మొహం మాత్రం అలాగే వదిలేశాను. అప్పుడు నాకూ తెలియలేదు, ముగ్గురు రివ్యూయర్లకీ తెలియలేదు. ఒత్తుగా జుట్టు, సన్నని మీసం, సాంబారు వడ్డించి వెళ్ళి లోకాన్ని తలకిందులు చేసేస్తానన్న ధీమా. వాణ్ణి చూసి నవ్వుకున్నాను. కాసేపు పేజీ తిప్పబుద్ధి కాలేదు.

అయినా రెండో రివ్యూయరు గారూ, మిమ్మల్ని వదలను. మీకు తెలుగు రాకపోతే వచ్చినవాళ్ళ చేత చదివించుకోండి. పార్సెల్ అందలేదనడానికి వీల్లేదు, సంతకం నా దగ్గర ఉంది. పామర్రు వెళ్ళినప్పుడల్లా పిన్ని, చేతిలో కాఫీ గ్లాసు పెట్టకముందే మీ జవాబు వచ్చిందా అని అడుగుతుంది. పొగడమని అడగడం లేదు, క్షమాపణ కూడా వద్దు. క్యాసెట్టు మీ దగ్గరే ఉంది కదా, చూసే ఉంటారు. మా పిన్ని కూతురి పెళ్ళి జరిగిందా, లేదా? ఒక్క ముక్క రాయండి.