రెనీటా ఎవరినీ అడగదు

మా పిన్ని కూతురు రెనీటాకి ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. అమెరికాలో, అలబామా బర్మింగ్‌హామ్‌లో, దారిలో ఆగిపోయిన కార్లను లాక్కెళ్ళే ట్రక్కు నడుపుతుంది. ట్రక్కూ సొంతమే, ఇల్లూ సొంతమే. నా జడల కొట్టుకి వస్తే సగం జుట్టు అల్లేలోపు పదిసార్లు లేస్తుంది. ఆ వారం మరీ ఘోరం. గర్భసంచిలో గడ్డలు, మా ఇంటి ఆడవాళ్ళందరినీ పీడించేవే. సోమవారం తీసేస్తామన్నారు. మత్తు ఇస్తారు కాబట్టి ఇంటికి తీసుకెళ్ళే మనిషి వెంట ఉండాలన్నారు.

"నువ్వొస్తావుగా అక్కా?"

"నేనెందుకే? డెజ్మండ్ ఏమయ్యాడు?"

"అతనికి చెప్పలేదు."

నాకు ఒళ్ళు మండింది. డెజ్మండ్ బడిలో బ్యాండు మాస్టారు, బంగారంలాంటి మనిషి. పెళ్ళి చేసుకుందామని అడిగినప్పుడల్లా ఇది "చూద్దాంలే" అంటుంది. మా పిన్నిని మొగుడు వదిలేసి పోయిననాటికి ఆవిడకి కారు తోలడం కూడా రాదు. పిల్లని చంకనేసుకుని బస్సుల కోసం నిలబడేది. ఆ పిల్లే ఇది. అంతా నాకు తెలుసు. తెలిసినా మొండికేశాను.

"నేను రాను. అతన్ని అడుగు."

శనివారం డెజ్మండ్ వాళ్ళ పెరట్లో చేపల వేపుడు విందు, చుట్టాలంతా వచ్చారు. మా నల్లవాళ్ళలో ఆడమనిషి ఒక మగాడికి పళ్ళెంలో వడ్డించి చేతికిచ్చిందంటే, ఇతను నావాడని నలుగురికీ చెప్పినట్టే. అందుకే అందరి కళ్ళూ రెనీటా మీద.

"ఏమ్మాయ్, మావాడికి పళ్ళెం పెట్టవా?" అంది డెజ్మండ్ మేనత్త ఓలా.

"అతనికి చేతులున్నాయిగా అత్తా."

ఇంతలో చర్చిలో పాడే ఫెలీషియా వయ్యారంగా నడిచొచ్చి, చేపలూ ఆకుకూరా మొక్కజొన్న రొట్టే దట్టించిన పళ్ళెం డెజ్మండ్ చేతిలో పెట్టింది. మర్యాదకని పుచ్చుకున్నాడు, వెర్రి మాలోకం!

రెనీటా విసవిసా గేటు దాటింది. పళ్ళెంతో సహా అతనూ పరిగెత్తాడు. ఆగలేక నేనూ వెళ్ళాను.

"పెట్టనన్నది నువ్వేగా! మళ్ళీ కోపమెందుకు?" అన్నాడతను.

"అందరిముందూ నాకు పరీక్ష పెడితే పెట్టను."

"పెట్టకు. నాకు పళ్ళెం అక్కర్లేదు. ఇన్నాళ్ళలో నన్నొక్క సాయమైనా అడిగావా? పైపు కారితే నువ్వే, జ్వరమొస్తే నువ్వే. నేనేంటి, నీ ఇంటికి చుట్టాన్నా?"

రెనీటా అటూ ఇటూ నడిచింది. ట్రక్కు తలుపు తీసింది, మూసింది.

"సోమవారం నాకు ఆపరేషన్. అక్క రానంది. అందుకని అడుగుతున్నా, వస్తావా?"

అతని మొహం వాడిపోయింది. "అక్క వస్తానంటే అడిగేదానివి కాదన్నమాట."

"కాదు." అబద్ధమాడి ఊరుకోవచ్చు, కానీ దానికి ఆ తెలివి లేదు. "ఒకసారి అడగడం మొదలెడితే అలవాటవుతుంది. అలవాటయ్యాక నువ్వెళ్ళిపోతే నేనేం కావాలి? నువ్వు నాకు కావాలి డెజ్మండ్. అందుకే భయం."

అతను పళ్ళెం నా చేతిలో పెట్టి, "ఎన్నింటికి రమ్మంటావు?" అన్నాడు.

సోమవారం అతనే కారు తోలాడు. రానన్నదాన్ని సిగ్గు లేకుండా వెనక సీట్లో కూర్చున్నాను. పక్క సీట్లో రెనీటా లేని బ్రేకు తొక్కుతూనే ఉంది.

"కుడివైపుకి రా. ఆ లారీ చూడు."

"తోలేది నేను తల్లీ."

"తోలితే సరిగ్గా తోలు."

ఆసుపత్రిలో నర్సు డెజ్మండ్‌ని చూపించి, "ఈయన మీకేమవుతారు?" అని అడిగింది. స్నేహితుడు అంటుందనుకున్నాను. అతనూ అదే అనుకున్నట్టున్నాడు, గోడకేసి చూస్తున్నాడు. రెనీటా కాలు ఆడిస్తూనే ఉంది.

"వరస ఇంకా తేల్చుకోలేదమ్మా," అంది. "కానీ నేను కళ్ళు తెరిచేసరికి ఇతను ఇక్కడుండాలి. లోపలికి రానివ్వకపోతే ఊరుకోను."