పెండ్లి కార్డుల అంగడి తెలుగు

మా చిన్నమ్మది ఎమ్మిగనూరు. నేసేవాళ్ల దగ్గర చీరలు తీసుకుని అమ్మడానికి వెబ్‌సైట్ పెట్టింది. చేసిచ్చింది నేనే, బెంగళూరులో కూర్చుని. ఒక్కో చీర కింద దాన్ని నేసినామె చెప్పిన మాటలే ఉండాలని చిన్నమ్మ పట్టు. తను నేసిన చీరలు ఎవరికీ ఇవ్వని ఒక పెద్దామె కూడా దానికే మెత్తబడి, ఒక చీర ఫోటో తీసుకోనిచ్చింది. "నా మాటలు ఆడ సూపీ, అప్పుడిస్తా" అందంట. ఆమె ఇస్తే మిగతావాళ్లూ ఇస్తారు. సైట్ మొదలుపెట్టేద్దామని నేను ఊరికొచ్చిన రోజు సాయంత్రమే ఆమె కూడా వస్తానంది.

పొద్దున తెరిస్తే ఫోటోలు అదిరిపోయాయి. కింద మాటలు మాత్రం డాలర్ గుర్తులు, తోకలున్న ఇంగ్లీషు అక్షరాలు.

"ఏమప్పా, ఎవురో బూతులు తిట్టినట్టుండాది" అంది చిన్నమ్మ.

"డేటాబేస్‌లో ఎన్‌కోడింగ్ సరిగ్గా లేదు. ఐదు నిమిషాలు" అన్నాను.

ఉన్న సెట్టింగులన్నీ మార్చాను. మారలేదు. సర్వర్‌ని తిట్టాను, చార్జర్‌ని తిట్టాను, ఉగ్గాని తెచ్చిన చిన్నమ్మ మీద కూడా అరిచాను. ఉగ్గాని మాత్రం వదల్లేదు.

తింటూ కిందికి జరుపుతుంటే కనబడింది. రెండు చీరల కింద తెలుగు చక్కగా ఉంది!

"ఇవి ఎవరు కొట్టారు?"

"నేనే, ఫోన్లో."

"మిగతావి?"

"ఆదోనిలో పెండ్లి కార్డులేసే అంగడాయప్ప. కాయితం మీద ఎంత బాగేసినాడో తెలుసా!"

అప్పుడు వెలిగింది. కార్డులకి వాడే పాత ఫాంటు ఇంగ్లీషు అక్షరాలకే తెలుగు వేషం వేస్తుంది. ఆ ఫాంటు లేని చోట వేషం ఊడిపోతుంది. డేటాబేస్‌లో చెడిందేమీ లేదు. దాంట్లోకి పోయిందే తెలుగు కాదు.

ఏ ఫాంటో తెలిస్తే అసలు తెలుగులోకి మార్చే టూల్ దొరుకుతుంది. కానీ ఆయన ఫోనెత్తడే! బస్సెక్కి ఆదోని పోయాను, సగం గొడవ పడటానికే.

"నా సిస్టంలో సక్కగా కనపడ్తాంది కదప్పా, సూడు" అని స్క్రీన్ నా వైపు తిప్పాడు. నిజంగానే ముత్యాల్లా ఉన్నాయి. ఇంకేం గొడవ పడతాను? ఫాంటు పేరు చెప్పి, టీ కూడా తాగించాడు.

తిరుగు బస్సులో ఫోన్లోనే మార్చేశాను. అక్కడక్కడా వత్తులు ఎగిరిపోయాయి. వాటిని బొటనవేలితో దిద్దుతూ బస్టాండొచ్చినా దిగలేదు. "దిగప్పా సామీ!" అని కండక్టర్ అరిచాడు.

పెద్దామె అప్పటికే అరుగు మీదుంది. ఆమె చీర పేజీ తెరిచి ఫోన్ చేతికిచ్చాను. కళ్లకి దగ్గరగా పెట్టుకుని కూడబలుక్కుంటూ చదివింది: "ఈ కొంగు నేసేటప్పుడు మా కోడలికి కాన్పయింది. ఆ సంబరంలో రెండు సిలకలు ఎక్కువేసినాను."

"నేను సెప్పిందే" అని, సంచిలోంచి ఇంకో కొత్త చీర తీసి చిన్నమ్మ ఒళ్లో పెట్టింది. తర్వాత నా వైపు తిరిగింది.

"పొద్దున వీధంతా ఇనపడేట్టు అరుస్తాండింది నువ్వేనా?"

"నేనే అవ్వా."

"ఈ సీర మడత పెడతాంటే ఇన్నాను. దీని కింద అదే రాయి."

రాశాను. ఫోన్లోనే కొట్టాను.