పామర్రు దాటాక కూలిన సిద్ధాంతం

చల్లపల్లిలో ఉదయం ఆరింటికి నా కోసం ప్రత్యేకంగా ఒక బస్సు వచ్చి ఆగింది. రోజూ వచ్చే బస్సే అనుకోండి, అయినా ఆగింది నా ముందేగా! విజయవాడలో గణన సిద్ధాంతం మీద, యాదృచ్ఛికత మీద సదస్సు. కంప్యూటరు దేన్ని లెక్క కట్టగలదు, దేన్ని ఎప్పటికీ కట్టలేదు, నాణెం ఎగరేస్తే పడే బొమ్మాబొరుసుల వరసలో ఏ పద్ధతీ లేదని ఎలా తేల్చాలి, ఇవీ అక్కడి గొడవలు. కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యాక ఎనిమిదేళ్లుగా ఇదే నా పని. ఒక సిద్ధాంతం నిరూపించాను. దాన్ని వినిపించడానికే ప్రయాణం.

పామర్రులో ఒకావిడ ఎక్కి నా పక్కన కూర్చుంది. ఒళ్లో లాప్‌టాప్ సంచి. నేను ఊరుకోగలనా?

"విజయవాడ సదస్సుకమ్మా. లెక్కల సదస్సు. ముఖ్య ఉపన్యాసం నాదే."

వివరాలు అడిగింది. చెప్పేసరికి నవ్వు ఆపుకుంది. "నేనూ అక్కడికేనండీ. నా పేరు గ్రేస్. భోజనాల తర్వాత సెషన్ నడిపేది నేనే. అందులో మీది పది నిమిషాలు కదా మాస్టారూ?"

పది నిమిషాలే. ఒప్పుకున్నాను.

"ఈలోగా నాకు చెప్పండి, వింటాను."

హుషారుగా మొదలుపెట్టాను. "ఏ బొమ్మాబొరుసుల వరసిచ్చినా, నిరూపణ మూడో మెట్టులో దాని మీద రెండు ప్రోగ్రాములు నడిపిస్తానమ్మా. ఏది ముందు ఆగితే దాని జవాబు తీసుకుంటాను."

"రెండూ ఆగకపోతే?"

తల పట్టుకున్నాను. ప్రోగ్రాము పని ముగించి ఆగుతుందో, ఎప్పటికీ తిరుగుతూనే ఉంటుందో ముందే చెప్పే ఉపాయం లేదన్నది మా శాస్త్రంలో మొదటి పాఠం. ఒక్కదాన్ని నమ్మకూడదని తెలుసు కాబట్టే రెండు పెట్టుకున్నాను. రెండున్నాయిగా అన్న ధైర్యంతో ఇక అటు చూడలేదు.

ఉయ్యూరులో చెరకు ట్రాక్టర్ల వెనక బస్సు ఇరుక్కుంది. ముందు సీటాయన వెనక్కి తిరిగి, "ఏం పెద్దాయనా, ఒంట్లో బాలేదా? కాసిని నీళ్లు తాగండి," అని సీసా ఇచ్చాడు.

కంకిపాడులో గ్రేస్ మెల్లగా అంది. "తప్పుకుంటానంటే చెప్పండి, పేరు తీయిస్తాను. ఎవరూ ఏమీ అనుకోరు."

"మధ్యాహ్నానికి అతుకు వేసేస్తానమ్మా," అన్నాను, అదేదో సైకిలు ట్యూబైనట్టు.

ఎనిమిదిన్నరకి బస్టాండు. అక్కణ్ణుంచి గవర్నర్‌పేటకి షేర్ ఆటో దొరుకుతుంది, ఎండలో నడవకండి. అక్కడ ఒక హోటల్ మేడ మీద సదస్సు హాలు. పెసరట్టు ముందు పెట్టుకుని చల్లారబెట్టాను. పొద్దుటి ఉపన్యాసాల్లో ఒక్క ముక్క వినలేదు. భోజనంలో గోంగూర బాగుందని అందరూ అన్నారు. నేను చేతులు తుడుచుకునే కాగితాల మీద మూడో మెట్టు రాస్తూ, కొట్టేస్తూ కూర్చున్నాను. ఎటు తిప్పినా అదే కన్నం.

గ్రేస్ వచ్చి నా బల్ల దగ్గర నిలబడింది. "మాస్టారూ, పేరు పిలవమంటారా, వద్దా?"

కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, "పిలువమ్మా," అన్నాను.

సింహంలా లేచాను. కుర్చీ తగిలి తూలాననుకోండి. బోర్డు మీద సిద్ధాంతం రాసి, మూడో మెట్టు చుట్టూ సున్నా చుట్టాను. "ఇక్కడ కన్నం ఉంది. పొద్దున బస్సులో బయటపడింది. పూడ్చడం నాకు చేతకాలేదు," అన్నాను.

వెనక వరసలోంచి ఒక బెంగాలీ ప్రొఫెసరు లేచి వచ్చి, నా చేతిలోంచి సుద్దముక్క తీసుకున్నాడు. రెండు ప్రోగ్రాములూ ఎప్పటికీ ఆగని ఒక బొమ్మాబొరుసుల వరసని కట్టడం మొదలెట్టాడు. మధ్యలో తడబడితే ఇంకొకాయన వచ్చి అందుకున్నాడు. వెనకే మరొకరు. గ్రేస్ కూడా టైము చూడ్డం మానేసి బోర్డు దగ్గరికొచ్చి చివరి గీత రాసింది. కన్నం పూడలేదు సరికదా, నా సిద్ధాంతమే అబద్ధమని తేలిపోయింది.

సాయంత్రం బస్సులో కిటికీ సీటు దొరికింది. పక్కన బట్టల మూటతో ఒక వ్యాపారి. ఎక్కణ్ణుంచండీ అని అడిగాడు.

"సదస్సు నుంచి. నా సిద్ధాంతం విని హాలంతా లేచి నిలబడింది."

"అబ్బో! చప్పట్లే చప్పట్లన్నమాట!"

"చప్పట్లు కాదండీ. తప్పని చూపించడానికి లేచారు."

ఆయన జాలిగా చూశాడు. "అయ్యో, హాలంతానా?"

"నలుగురు," అన్నాను. నా లెక్క కోసం కుర్చీలోంచి లేచినవాళ్లు ఈ ఎనిమిదేళ్లలో అంతకుముందు ఒక్కరూ లేరు.