లిమిట్స్ వదిలేసిన సెక్షన్

1998. మేడ్చల్ రోడ్డు పక్కన ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పేవాణ్ణి. ఆదివారాలు మూఢనమ్మకాల మీద సభల్లో మాట్లాడేవాణ్ణి.

ఆ రోజు లిమిట్స్ మొదలుపెట్టాను. x ఒక సంఖ్యకు ఎంతైనా దగ్గరవుతుంటే లెక్క విలువ దేనికి చేరువవుతుందో, అదే లిమిట్. x రెండుకు దగ్గరవుతున్నప్పుడు (x² – 4)/(x – 2) ఎంత? x² – 4 ను (x – 2)(x + 2)గా విడదీసి, పైనా కిందా x – 2 కొట్టేశాను. మిగిలిన x + 2 లో రెండు పెట్టాను. జవాబు నాలుగు.

మూడో బెంచీలోంచి స్వరూప లేచింది. దూలపల్లిలో వెల్డింగ్ షెడ్డులో పనిచేసే మల్లయ్య కూతురు. ఇంజినీరు కావాలని ఆమె ఆశ.

"సార్, సున్నాతోని భాగించొద్దని మీరే చెప్తిరి. కొట్టేసేటప్పుడు x రెండు గాదంటిరి, అటెంక రెండే వెడితిరి. గిదేం తొండి సార్?"

"సార్‌నే పట్టుకున్నవేందే!" అంది పక్కపిల్ల. క్లాసంతా నవ్వింది.

నాకు పండగలా అనిపించింది. ఆమె చేతే x బదులు 1.9 వేయించాను, 3.9 వచ్చింది. 1.99కి 3.99. అవతలి నుంచి 2.01కి 4.01. "x రెండు కానే కాదమ్మా, అందుకే కొట్టేశాం. రెండు దగ్గర ఏముందని మనం అడగడం లేదు. అటు వస్తుంటే విలువ ఎటు పోతోందని అడుగుతున్నాం. x + 2 లో ఏ చిక్కూ లేదు గనుక, రెండు పెడితే అది తెలిసిపోతుంది."

"గట్ల చెప్పుండ్రి మరి!" అని కూర్చుంది.

వారం పరీక్షలో ప్రతి మెట్టుకూ కారణం రాసింది. టైము చాలక సగం ప్రశ్నలు మిగిలిపోయాయి. ప్రిన్సిపాల్ ఆమెను కింది సెక్షన్‌కు మార్చేశాడు. అక్కడ లిమిట్స్‌ను "ఛాయిస్"లో వదిలేయిస్తారు. పరీక్షలో అన్ని ప్రశ్నలూ రాయనక్కర్లేదు కాబట్టి ఆ పాఠమే చెప్పరు. అది రాకపోతే తర్వాత వచ్చే డెరివేటివ్స్‌కు పునాది ఉండదు. ఇంజినీరింగ్ ఎంట్రన్స్ మాట మరిచిపోవాల్సిందే.

"అర్థం చేసుకుని రాసిందండీ," అని వాదించాను.

"మాస్టారూ, మీ వాదాలు సభల్లో చూసుకోండి. ఇక్కడ మార్కులు జవాబుకేనండీ, అనుమానాలకి కాదు."

మల్లయ్యను పిలిపించాను. మీరు గట్టిగా అడిగితే మళ్ళీ పాత సెక్షన్‌కు పంపుతారన్నాను.

"పెద్దసారుతోని నాకేం లొల్లి సార్? గా పాఠం ఇడిసిపెడితే పిల్ల పాసైతదంటున్నడు. గంతే సాలు," అన్నాడాయన. స్వరూప కింది సెక్షన్‌లోనే ఉండిపోయింది.

రెండేళ్ళకు ఫస్ట్ క్లాసులో పాసై, చాక్లెట్లు పట్టుకుని స్టాఫ్ రూముకు వచ్చింది. బీకాంలో చేరుతోందట.

"లెక్కలు వదిలేశావా? ఎన్ని డౌట్లు అడిగేదానివి!"

"గిప్పుడు డౌట్లేం లేవు సార్," అని నవ్వింది.

తాయెత్తు కట్టుకున్నవాణ్ణి ఎందుకని నిలదీయడం నాకు బాగా వచ్చు. ఎందుకని అడిగిన పిల్లను మాత్రం చదువుకున్న మేమే కిందికి దించాం. కారణం చెప్పకుండా సూత్రాలు వల్లె వేయించే గదిలో బోర్డు మీద రాసేది గణితమే అయినా, పిల్లలకు అబ్బేది గుడ్డి భక్తే. ఇన్ని సభల్లో తిరిగినా నాకది తెలియలేదు. డౌట్లు లేవని ఆ పిల్ల నవ్వినప్పుడు తెలిసింది.