పసుపు రంగు పూసిన పదకొండు వాక్యాలు

రాజమండ్రిలో లాయరు గణేష్‌బాబు గారి ఆఫీసులో సంపూర్ణమ్మ ఇరవై ఏడేళ్లుగా టైపిస్టు. ఏ దావా కాగితమైనా ఆమె చేతుల మీదుగా పోవాల్సిందే. అలాంటిది, పాత ఫైళ్లన్నీ స్కాన్ చేయించి కంప్యూటర్లో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టించినప్పటి నుంచి ఆమెకు మనసు మనసులో లేదు. అందులో ఏ పత్రంలోనైనా ఒక వాక్యానికి రంగు పూసి, పక్కన నోటు రాసి, మరో పత్రంలోని వాక్యానికి లింకు ఇవ్వొచ్చు. నొక్కితే నేరుగా అక్కడికి తీసుకెళ్తుంది. ఆ పనంతా కొత్తగా చేరిన జూనియర్ లాయరు తబితది.

"అసలు కాగితం మీద గీతలు గీస్తే అది అసలుదెలా అవుతుందమ్మా?" అని అడిగింది సంపూర్ణమ్మ.

"గీతలు విడిగా ఉంటాయండి. తీసేస్తే పత్రం ఎప్పట్లాగే ఉంటుంది."

సంపూర్ణమ్మ నమ్మలేదు. తబిత కోర్టుకి వెళ్లగానే స్కాన్లను బీరువాలోని కాగితాలతో అక్షరం అక్షరం పోల్చి చూసేది. తేడా ఏమీ దొరకలేదు. దొరకనందుకు అనుమానం ఇంకా పెరిగింది.

నాలుగో రోజున నిడదవోలు పొలం గట్టు దావా తెరిచింది. తాను టైపు చేసిన వాక్యాలు పదకొండు, అన్నీ పసుపు రంగులో! ప్రతిదాని పక్కనా 'చూడాలి' అని తబిత నోటు. నా తప్పులు పోగేస్తోంది, నన్ను సాగనంపడానికే అనుకుంది సంపూర్ణమ్మ. మధ్యాహ్నం క్యారేజీ మూత కూడా తీయలేదు.

తబిత రాగానే నిలదీసింది. "నా రాతలకే ఎందుకమ్మా రంగు పూశావు?"

తబిత తెల్లబోయింది. "మీవని కాదండి. గట్టు మాట ఎక్కడొచ్చినా దస్తావేజులో హద్దులకి కలుపుతున్నాను. మీరే నొక్కి చూడండి."

ఒక్కొక్కటే నొక్కింది. పది సరిపోయాయి. పదకొండోది నొక్కితే దస్తావేజులో 'తూర్పు' అని ఉంది. తాను కొట్టింది 'పడమర'. లాయరు గారి చేతిరాత చిత్తుప్రతి తీసి చూసింది. అందులోనూ తూర్పే.

"నీకు ముందే తెలుసా?"

"మొన్న చూశానండి. మీకెలా చెప్పాలో తెలీక ఆగాను."

సంపూర్ణమ్మ లేచి తానే లాయరు గారి గదిలోకి వెళ్లింది. "గట్టు దావాలో తప్పు పడిందండి. నాదే."

ఆయన కళ్లజోడు తీసి కాగితం చూశారు. "విచారణ ఇంకా మొదలవలేదు కదండీ. సవరణ పిటిషన్ వేద్దాం. టైపు చేయండి."

చేసింది. తబిత చేత రెండుసార్లు చదివించింది.

ఇప్పుడు ఆమె కూడా వాక్యాలకు రంగు పూస్తుంది. కానీ తబిత ఇచ్చిన ప్రతి లింకునూ నొక్కి చూశాకే ఫైలు లోపలికి పంపుతుంది. మొన్న ఒకటి వేరే పేజీకి పోయింది.

"చూశావా!" అంది సంపూర్ణమ్మ, పట్టరాని సంతోషంతో.