ఒకే పడవలో ఐదు సర్వర్లు

ఆదివారం మధ్యాహ్నం ఎల్లాజీ గర్వంగా అన్నానికి కూర్చున్నాడు. వన్ టౌన్‌లో ఒక షిప్పింగ్ ఆఫీసు కంప్యూటర్లన్నీ అతని చేతిలోనే ఉంటాయి. అది 2007 వానాకాలం. ఆ వారమే అక్కడి ఐదు పాత సర్వర్లనూ వర్చువల్ మెషీన్లుగా మార్చి, ఒక్క కొత్త సర్వర్లోకి ఎక్కించేశాడు.

"పెట్టె ఒకటేనే అమ్మా. లోపల ఐదూ దేనికదే నడుస్తాయి," అన్నాడు.

వడ్డిస్తున్న కాసులమ్మ చెయ్యి ఆగిపోయింది. ఒక కడుపున పుట్టినవాళ్లు ఒకే పడవ ఎక్కకూడదని ఆ ఇంటి కట్టుబాటు. ఆమె తమ్ముళ్లిద్దరూ ఒక్కసారి ఆ మాట పెడచెవిన పెట్టారు. ఇద్దరూ తిరిగి రాలేదు.

"ఐదుగుర్నీ ఒకే పడవెక్కించేసినావేట్రా?"

"బ్యాకప్ ఉందే. అంటే, అన్నిటికీ నకలు తీసి దాచినాను."

"ఏటి, ఎక్కడ దాచినావ్?"

ఎల్లాజీ చేతిలోని ముద్దను కంచంలో వదిలేశాడు. నకలు కూడా ఆ పెట్టెలోనే ఉంది.

ఉరుము ఉరిమి కరెంటు పోయింది. ఎల్లాజీ చెయ్యయినా కడుక్కోకుండా బండి తీశాడు. ఆఫీసులోనూ చీకటే. సర్వర్ గదిలో యూపీఎస్ కుయ్యోమని కూస్తోంది, బ్యాటరీ అయిపోవస్తోంది. సర్వర్‌ని ఆపేస్తే నకలు తియ్యడానికి వీలుండదు, ఆపకపోతే బ్యాటరీ అయిపోగానే ఐదూ పాడవుతాయేమో! బయటి హార్డ్ డిస్కు తగిలించి, కాపీ మొదలుపెట్టాడు. తెరమీద గీత నత్తలా పాకుతోంది. కూత జోరందుకుంది.

జేబులో సెల్లు మోగింది. అమ్మ.

"ఒక్కడైనా ఒడ్డెక్కినాడేట్రా?"

కూత ఆగి, తెర ఆరిపోయింది.