బైరాగి వంతు

మాణిక్యం గారిది కిరాణా కొట్టని సరోజినీ నగర్ సర్కారు క్వార్టర్లలో అందరికీ చెప్పింది ఆయన కూతురు లలితకుమారి. నేనూ నమ్మాను. మేడ మీద మావి ఎదురెదురు తలుపులు. తొంభై మూడులో ఆయన వచ్చి దిగినప్పుడు, తెలుగువాళ్ళు కదా అని పప్పుల ధరల మీద మాట కలిపాను. కందిపప్పుకీ సెనగపప్పుకీ తేడా తెలియనట్టు నవ్వి ఊరుకున్నారు. ఇదేం కిరాణా వ్యాపారమని అప్పుడే అనుమానం తగిలింది.

అసలు సంగతి ఆయనే చెప్పారు, చలికాలం ఎండలో వరండాలో కుర్చీ వేసుకుని.

"గంజాయి కొట్టమ్మా నాది. దొంగతనంగా కాదు, బోర్డు పెట్టి అమ్మాను. ఏటా ఎక్సైజు వాళ్ళు వేలం వేస్తే పాడుకునేవాణ్ణి. సరుకు కూడా సర్కారు గోడౌన్లోంచే వచ్చేది."

"మరి ఎందుకు మూయించారు బాబాయిగారూ?"

"ఎక్కడో ఫారిన్‌లో దేశాలన్నీ కూడి ఒప్పందం రాసుకున్నాయంట, అరవై ఒకటిలో. మనవాళ్ళూ అందులో కలిశారు. జనం చేత మాన్పించడానికి పాతికేళ్ళు గడువంట. ఆ గడువు దగ్గర పడేసరికి ఎనభై అయిదులో చట్టం తెచ్చారు. ఆకు తప్పు కాదంట, పువ్వు తప్పంట! ఇక్కడ హోళీకి భంగు తాగుతారు చూడు, అది ఆకు. నేనమ్మింది పువ్వు. ఒకే మొక్క తల్లీ! నిన్నటిదాకా నా చేత సుంకం కట్టించుకున్నవాళ్ళే మర్నాడు నన్ను దొంగన్నారు."

అంతటితో ఆగితే బాగుండేది. ఆ కొట్టుకో ఆనవాయితీ ఉందట. పొద్దున్నే తలుపు తీయగానే తొలి చిటికెడు అమ్మకానికి కాదు. దాన్ని గుడ్డలో మూటగట్టి దేవుడి గూట్లో పెట్టాలి. బైరాగి వస్తే అడక్కుండా చేతికివ్వాలి. ఏళ్ళ తరబడి ఆయన దగ్గరికి ఒకే బైరాగి వచ్చేవాడట, ఎడమ చెవి తమ్మె తెగినవాడు, సోమవారం సోమవారం. కొట్టుకు తాళం పడిన రోజూ సోమవారమే. ఆ రోజు మాత్రం అతను రాలేదు. మిగిలిన సరుకంతా సర్కారుకు అప్పజెప్పిన మాణిక్యం గారు ఆ చిన్న మూటను మాత్రం దాచుకున్నారు. ఊళ్ళు మారినా అది వెంటే వచ్చింది.

"పారేయకపోయారా?"

"నాది కాదుగా అమ్మా, పారేయడానికి."

నాకు ఒళ్ళు మండింది. సర్కారు ఉద్యోగం చేసుకునే పిల్ల ఇంట్లో అది దొరికితే, ఉద్యోగం పోయి జైలుకు పోయేది ఆ పిల్ల. ఆ మాటే మొహం మీద అడిగేశాను. ఆయన నా వైపు చూడనే లేదు, కింద గేటు వైపు చూస్తున్నారు.

"ఎంతో కాలం ఉండదులే. వస్తున్నాడు. పోయిన సోమవారం ఆ వేపచెట్టు కింద నిలబడ్డాడు."

వేపచెట్టు కింద ఇస్త్రీ బండి భయ్యా తప్ప నాకెవరూ కనిపించలేదు. ముసలాయనకు మతి చలించిందనుకున్నాను. తరవాతి సోమవారం, మెట్ల దాకా వచ్చాడన్నారు. ఆ రోజు నాకూ మెట్ల మీద ఏదో వాసన తగిలింది, ఎండుగడ్డి కాలుతున్నట్టు, కాస్త తియ్యగా. ఆఫీసు నుంచి వచ్చిన లలిత మెట్టు మీదే ఆగిపోయి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఇది మా కొట్టు వాసన అక్కా. నాన్న మూట విప్పనే లేదు. మరి ఎవరు కాలుస్తున్నారు?"

ఆ పూట తలుపు గడియ రెండుసార్లు చూసుకున్నాను.

అప్పుడే తనిఖీ కబురొచ్చింది. క్వార్టర్లు అద్దెకిచ్చుకుంటున్నారేమోనని ఇల్లిల్లూ చూస్తారట. ఆ రోజు లలితకు సెలవు దొరక్క, నన్ను వాళ్ళింట్లో కూర్చోమంది. వచ్చిన ఇద్దరిలో ఒకడు గదులన్నీ తిరిగి, దేవుడి అర దగ్గర ఆగి, పటం వెనక చెయ్యి పెట్టాడు.

"యే క్యా హై?"

వాడి చేతిలో మూట, బిగించిన ముడి అలాగే ఉంది. వాడు పళ్ళతో లాగి విప్పాడు. లోపల ఏమీ లేదు, పొడి కూడా లేదు. గుడ్డ దులిపి అక్కడే పడేసి పోయారు.

మాణిక్యం గారు రెండు చేతులూ జోడించారు. "తీసుకుపోయాడమ్మా. ముడి కూడా విప్పలేదు చూశావా? నా బాకీ తీరింది." ఆయన అంత సంతోషంగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు.

సాయంత్రం ఇదంతా లలితకు చెప్పాను. సంబరపడుతుందనుకున్నాను. ఆ ఖాళీ గుడ్డ తీసి వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది.

"నిన్ననే దాన్ని పాయిఖానాలో పోసి నీళ్ళు కొట్టానక్కా. నాన్న తడిమి చూస్తే తెలియకూడదని మూటలో కసూరీ మేథీ పోసి కట్టాను. ఖాళీగా ఎలా ఉంటుంది?"

ఆ వచ్చినవాడెవడో తీసుకుపోయింది మెంతాకు.

వారం పాటు మాణిక్యం గారు హాయిగా తిని, హాయిగా నిద్రపోయారు. ఆయన్ను చూస్తుంటే మాకిద్దరికీ ముద్ద దిగేది కాదు. సోమవారం పొద్దున నేను పాలకు తలుపు తీసేసరికి, వాళ్ళ గడప మీద ఎండు మెంతాకు పోసి ఉంది. చిన్న కుప్ప, చిటికెడే. ఊడ్చేద్దామని చీపురు తెచ్చేలోపే ఆయన బయటికి వచ్చారు. వంగి, కాస్త అరచేతిలో నలిపి వాసన చూశారు. వెనక నిలబడ్డ కూతురు వైపు తిరిగారు.

"వాడి వంతులో ఇది పెట్టావా అమ్మా?"

లలిత ఏడుపు అందుకుంది. "ఉద్యోగం పోతుంది నాన్నా. నిన్నూ పట్టుకుపోతారు. నేనేం చెయ్యను?"

"నీ తప్పు కాదులే," అన్నారాయన. కోపం లేదు. "నా కొట్లో ఒక్కనాడు కల్తీ జరగలేదు. వాడికి ఆ మాట చెప్పి వస్తాను."

చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగారు. లలిత వెంటపడింది. గేటు దాకా ఆయన వీపు కనిపిస్తూనే ఉందట, వేపచెట్టు దాటాక కనిపించలేదు. ఇస్త్రీ భయ్యాను అడిగితే, "అచ్ఛా, బాబాజీతో పోయిన పెద్దాయనేనా?" అన్నాడు. ఏ బాబాజీ అని అడిగితే ఎడమ చెవి పట్టుకుని చూపించాడు.

మేము వెతకని చోటు లేదు. చివరికి పోలీసు స్టేషన్‌కు వెళ్ళాం. రాసుకునే ఆయన వయసు, ఎత్తు అడిగి, "కామ్ క్యా కర్తే థే?" అన్నాడు, ఏం పని చేసేవారని.

లలిత నా మొహం చూసింది. నిజం చెప్పమనే ధైర్యం నాకూ లేకపోయింది.

"కిరాణా దుకాణం," అంది.

ఆ మాట కాగితం మీద పడుతుండగానే గదిలోకి ఆ వాసన వచ్చింది, ఎండుగడ్డి కాలుతున్నట్టు, కాస్త తియ్యగా. పోలీసాయన తలెత్తలేదు. నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. లలిత పెట్టుకోలేదు. కళ్ళు మూసుకుని, గుండె నిండా పీల్చుకుంది.